నెల్లూరు ఉక్కపోతలో చాక్లెట్: గింజ నుంచి పొట్లం దాకా

మైపాడు బీచికి వచ్చినవాళ్లకో, రొట్టెల పండక్కి వచ్చినవాళ్లకో ‘ఇది మా ఊళ్లో చేసిన చాక్లెట్’ అని చేతిలో పెట్టాలనుకునే చిన్న వ్యాపారాల కోసం ఇది రాస్తున్నాం. కోకో గింజలు గోదావరి జిల్లాల నుంచి వస్తాయి, గ్రైండరు కోయంబత్తూరు నుంచి వస్తుంది, కొలతలు ఎక్కడైనా దొరుకుతాయి. ఈ తీరంలో ఉన్నవాళ్లు ప్రత్యేకంగా నేర్చుకోవాల్సిన విద్య మాత్రం తేమనూ వేడినీ కాచుకోవడం. కోకో బటర్, అంటే ఆ గింజలో ఉండే కొవ్వు, 33–34 డిగ్రీల దగ్గర, అంటే మన ఒంటి వేడికి కాస్త కిందే కరుగుతుంది. నోట్లో పెట్టుకుంటే కమ్మగా కరిగేది అందుకే. ఏప్రిల్ మధ్యాహ్నం ఫ్యాను కింద బల్ల మీద పెట్టినా కరిగేది అందుకే. ఇక నీళ్లంటారా, చాక్లెట్‌కి ఒక్క చుక్క చాలు పాడవడానికి. కింద చెప్పే ప్రతి పనిలోనూ ఈ రెండూ తగులుతూనే ఉంటాయి.

గింజలు కొనేటప్పుడు

ఏలూరు, పశ్చిమ గోదావరి, కోనసీమ జిల్లాల్లో కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల నీడలో కోకో అంతరపంటగా పండుతుంది. కాయ కొట్టి తీసిన గింజల్ని గుజ్జుతో సహా చెక్కపెట్టెల్లో ఐదు నుంచి ఏడు రోజులు పులియబెట్టి, తర్వాత ఎండబెడతారు. చాక్లెట్ రుచికి పునాది పడేది ఆ వారం రోజుల్లోనే. పులియని గింజని మీరు ఎంత బాగా వేయించినా, ఎన్ని గంటలు రుబ్బినా ఆ వాసన రాదు. అందుకని బస్తా తీసుకునే ముందు గింజ కోసి చూడాలి.

బస్తాలో పైనుంచి, మధ్యనుంచి, అడుగునుంచి కలిపి 50 గింజలు తీసి నిలువుగా రెండు బద్దలుగా కోయండి. గోధుమరంగులో, లోపల మడతలు మడతలుగా పగుళ్లు కనిపిస్తే బాగా పులిసినట్టు. ఊదారంగులో ఉంటే సగమే పులిసింది, వగరుగా ఉంటుంది. పలకరంగులో, రబ్బరులా గట్టిగా ఉంటే అసలు పులియలేదు. 50లో ఐదారు ఊదారంగువి ఉంటే సర్దుకోవచ్చు, పదిహేను దాటితే ఆ బస్తా వద్దు. పలకరంగువి ఒకటి రెండుకి మించకూడదు. లోపల బూజు కనిపిస్తే బేరమే ఆడకండి. వాసన కూడా చూడండి. కాస్త వెనిగర్ వాసన ఉంటే భయం లేదు, వేయించేటప్పుడు చాలావరకు పోతుంది. పొగవాసన వస్తే మాత్రం వానల్లో మంట మీద ఆరబెట్టారని అర్థం. అది బార్ దాకా వస్తుంది, ఏం చేసినా పోదు.

గింజలో తేమ 7 శాతం దగ్గర ఉండాలి. గుప్పిట్లో పట్టి నలిపితే పొట్టు గలగలమంటూ చిట్లాలి, మెత్తగా అణిగితే ఆరలేదన్నమాట. ఇక్కడ ఇంకో చిక్కుంది. ఆరిన గింజ కూడా మన గాలిలో మళ్లీ చెమ్మ పీల్చుకుంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల రోజుల్లో, గోనెసంచిలో వదిలేస్తే మూడు వారాల్లో బూజు పడుతుంది. లోపల మందపాటి ప్లాస్టిక్ సంచి వేసి మూతి బిగించి, గోడకు ఆనకుండా చెక్కల మీద పెట్టండి. రెండు నెలలకు సరిపడా తప్ప నిల్వ చేయకండి. ధర కూడా ఊగుతుంది: 2024లో ప్రపంచ మార్కెట్‌లో టన్ను పదివేల డాలర్లు దాటి, ఆ తర్వాత బాగా పడిపోయింది. పై ధరలో కొన్న సరుకు గోడౌన్‌లో ఉండిపోతే చిన్న వ్యాపారం లేవలేదు.

ఏరడం, వేయించడం, చెరగడం

పళ్లెంలో పోసి బియ్యం ఏరినట్టే ఏరాలి. రాళ్లు, పురికొస ముక్కలు, తాలు గింజలు, రెండు మూడు అతుక్కున్న గింజలు, పురుగు తొలిచినవి అన్నీ తీసేయండి. అతుక్కున్నవి వదిలేస్తే పక్కగింజలు మాడే సమయానికి కూడా అవి లోపల పచ్చిగానే ఉంటాయి.

ఓటీజీ అనే కరెంటు ఓవెన్లో ఒక విడతకి కిలో వేయించండి. ముందుగా 150 డిగ్రీలకు వేడిచేసి, గింజల్ని రెండు ట్రేలలో ఒకటే వరసగా పరిచి లోపల పెట్టండి. ఐదు నిమిషాలకోసారి కలుపుతూ, ట్రేల స్థానం మార్చుతూ ఉండాలి. పది నిమిషాల తర్వాత 125కి తగ్గించి, మొత్తం 25–28 నిమిషాలు వేయించండి. మొదట పుల్లటి ఆవిరి ముక్కుకి ఘాటుగా తగులుతుంది, ఆ తర్వాత కేకు కాలుతున్న వాసన మొదలవుతుంది. ఆ వాసన గది నిండా పరుచుకుని, అక్కడక్కడా గింజలు టప్ టప్‌మని చిట్లుతుంటే దించేయండి. వాసన తగ్గి మాడు తోస్తుంటే ఆలస్యమైనట్టే. దించగానే ఫ్యాను కింద పరిచి చల్లార్చాలి, కుప్పగా పోస్తే ఆ వేడికే ఇంకా వేగుతాయి. మూకుట్లో వేయిస్తే పొట్టు మాడి లోపల పచ్చిగా ఉండిపోతుంది. వేరుశనక్కాయల్లా ఇసకలో వేయించే ఆలోచన అసలే వద్దు, ఒక్క ఇసకరేణువు మిగిలినా పంటికింద తెలుస్తుంది.

తోటలో నేల మీద, పట్టాల మీద ఆరిన సరుకు కాబట్టి పచ్చిగింజ మీద రకరకాల సూక్ష్మజీవులు ఉంటాయి. వాటిని చంపేది ఈ వేయింపే, దీని తర్వాత మళ్లీ అంత వేడి ఎక్కడా తగలదు. కాబట్టి పచ్చిగింజలు ముట్టుకున్న పళ్లెం, చేట, చేతులు వేగిన గింజల దగ్గరకి రాకూడదు. రెండు చేటలు పెట్టుకుని ఒకదానికి ఎర్రరంగు పూయండి.

చల్లారిన గింజల్ని మందపాటి గుడ్డసంచిలో వేసి అప్పడాల కర్రతో దొర్లిస్తే పలుకులవుతాయి. పిండి కాకూడదు, శనగబద్దంత ముక్కలు చాలు. ఇక చెరగడం. ఈ పనికి మన వెదురుచేటని మించింది లేదు. పలుకులు రెండు గుప్పిళ్లకి మించకుండా పోసి, చేటని ముందుకు వాల్చి పైకి ఎగరేస్తూ, మీ వైపు నుంచి బయటికి వీచేలా హెయిర్ డ్రయ్యర్‌ని చల్లగాలి మీద తిప్పి పట్టండి. పొట్టు పలచటి రేకుల్లా లేచి అంచు దాటి పడిపోతుంది, బరువైన పలుకు వెనక్కి జారి మీ వైపు చేరుతుంది. చివర్లో చేటని కాస్త కుదిపితే మొలకముక్కలు, అంటే గింజ కొనలో ఉండే పుల్లలాంటి గట్టి తునకలు, విడిగా కనిపిస్తాయి. అవి రాళ్ల కింద సరిగా నలగవు, చేత్తో తీసేయండి. వంద గ్రాముల పలుకుల్లో రెండు గ్రాముల పొట్టుకి మించి మిగలకూడదు, మిగిలితే చాక్లెట్ గరగరలాడుతుంది, చేదెక్కుతుంది. పది కిలోల గింజలకి ఏడు, ఏడున్నర కిలోల పలుకులు చేతికొస్తాయి. ధర కట్టేటప్పుడు ఈ తరుగు మరిచిపోకండి.

రుబ్బడం

చాక్లెట్‌కి వాడే చిన్న గ్రైండరు మన దోసెపిండి వెట్ గ్రైండరు వంశంలోదే. కోయంబత్తూరులో తయారైన టేబుల్‌టాప్ గ్రైండర్లను మార్చి వాడడంతోనే ప్రపంచంలో చాలా చిన్న చాక్లెట్ షాపులు మొదలయ్యాయి. అలాగని ఇంట్లో ఉన్న గ్రైండరు పెట్టేయకండి. అది అరగంట, గంట తిరగడానికి చేసింది. చాక్లెట్‌కి ఆగకుండా రోజున్నర, రెండు రోజులు తిరగాలి. మోటారు వేడెక్కి కాలిపోతుంది, రాళ్లను పట్టుకునే ప్లాస్టిక్ భాగాలు అరిగి పిండిలో కలుస్తాయి. చాక్లెట్ కోసమని చేసిన మోడల్‌లో మోటారుకి ఫ్యాను, రాళ్ల ఒత్తిడి బిగించి వదులు చేసే స్క్రూ ఉంటాయి. అది చూసి కొనండి.

70 శాతం డార్క్ చాక్లెట్ ఒక కిలోకి పలుకులు 650 గ్రాములు, కోకో బటర్ 50, పంచదార 300. పలుకులు, కోకో బటర్ కలిపిన లెక్కే ఆ 70. మిల్క్ చాక్లెట్‌కి పలుకులు 180, కోకో బటర్ 250, పంచదార 350, ఫుల్‌క్రీమ్ పాలపొడి 220. పాలపొడి ఎప్పుడూ కొత్త ప్యాకెట్ కోసి పోయండి. తెరిచి నాలుగు రోజులు ఉంచితే మన గాలికి ఉండలు కడుతుంది, ఆ చెమ్మ అంతా చాక్లెట్‌లోకి వస్తుంది.

పంచదారని మిక్సీలో పొడిచేసి స్టీలు పళ్లెంలో పలచగా పరిచి, ఓటీజీలో 60 డిగ్రీల దగ్గర గంటసేపు ఆరబెట్టండి. బజారులో దొరికే ఐసింగ్ షుగర్ వద్దు, అందులో మొక్కజొన్న పిండి కలుపుతారు. పలుకుల్ని కూడా 60 డిగ్రీలకు వెచ్చబెట్టాలి, డ్రమ్మునీ రాళ్లనీ హెయిర్ డ్రయ్యర్‌తో చెయ్యి పెట్టగలిగేంత వేడిగా చేయాలి. చల్లటి రాయికి కోకో తగిలితే గడ్డకట్టి బిగుసుకుంటుంది.

కరిగించిన కోకో బటర్ ముందు పోసి గ్రైండరు తిప్పండి. పలుకులు గుప్పెడు గుప్పెడు చొప్పున, ముందువి మెత్తబడ్డాక తర్వాతవి, ముప్పావుగంట తీసుకుని వేయండి. తొందరపడి పోస్తే రాళ్లు లేచి మొరాయిస్తాయి. రెండు గంటల్లో అంతా పలచటి ముద్దలా జారుతుంది, అప్పుడు పంచదారని నాలుగు విడతలుగా వేయండి. ఆ తర్వాత 36 నుంచి 48 గంటలు తిరగాలి. ముద్ద వేడి 45–55 డిగ్రీల మధ్య ఉండేలా చూసుకోండి. మొదటి రోజు మూత తీసి, పలచటి గుడ్డ కప్పి ఉంచితే మిగిలిన పులుపు ఆవిరైపోతుంది. వానరోజుల్లో ఈ పని ఏసీ గదిలోనే చేయండి. ఎంత మెత్తగా అయిందో నాలుకే చెబుతుంది: రేణువు 30 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) పైన ఉంటే ఇసకలా తగులుతుంది, 20 దగ్గరకొస్తే వెన్నలా జారుతుంది. స్క్రూగేజ్ ఉంటే ఒక చుక్కని నూనెలో కలిపి కొలిచి చూసుకోండి. 20కి బాగా కిందికి దిగితే జిగురుగా మారి మౌల్డులో పోయడం కష్టమవుతుంది.

కరెంటు పోతేనే అసలు కష్టం. తుపాను రోజుల్లో నాలుగు గంటలు పోయిందంటే డ్రమ్ములో చాక్లెట్ గడ్డకడుతుంది, కరెంటు రాగానే గ్రైండరు దానంతటదే తిరగబోయి మోటారు కాలుతుంది. పోగానే స్విచ్చి ఆపేయండి. కరెంటు వచ్చాక రాళ్ల స్క్రూ వదులు చేసి, హెయిర్ డ్రయ్యర్‌తో డ్రమ్ము బయటి నుంచి, పై నుంచి వేడిచేసి, రాయి చేత్తో తిరిగేంతగా కరిగాకే మళ్లీ వేయండి. చిన్న గ్రైండరు ఇంటి ఇన్వర్టరు మీద నడుస్తుంది, దానికి విడిగా ఒక లైను ఇప్పించుకోవడం మేలు.

బెల్లం చాక్లెట్ అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు, తాటిబెల్లం రుచి కోకోకి నిజంగా నప్పుతుంది. బెల్లంలో చెమ్మ ఉంటుంది, గాలిలోంచి ఇంకా పీల్చుకుంటుంది. నేరుగా వేస్తే గ్రైండర్లో అంతా మట్టిముద్దలా బిగుసుకుపోతుంది. తురిమి పలచగా పరిచి 55–60 డిగ్రీల దగ్గర ఆరేడు గంటలు ఆరబెట్టి, పొడిచేసి, మళ్లీ గంట ఆరబెట్టి, వేడి మీదనే వాడండి. కొలత: పలుకులు 600, కోకో బటర్ 100, బెల్లం 300. నవంబరులో మాత్రం దీని జోలికి పోవద్దు.

రుబ్బిన చాక్లెట్‌ని ట్రేలో పోసి గడ్డకట్టించి, గాలి చొరకుండా చుట్టి రెండు వారాలు మగ్గనివ్వండి. ఘాటు సర్దుకుని రుచి కమ్మగా కుదురుతుంది.

టెంపరింగ్

కోకో బటర్ ఆరు రకాల స్ఫటికాలుగా గట్టిపడగలదు. వాటిలో ఐదోది మనకు కావాలి: మెరుపు, విరిస్తే టక్‌మనే చప్పుడు, వేలికి వెంటనే అంటుకోని గుణం దానివల్లే వస్తాయి. కరిగించి ఊరికే చల్లారిస్తే వేరే రకాలు కలిసి వస్తాయి. బార్ మెత్తగా, మసకగా ఉంటుంది, వారంలో బూడిదరంగు చారలు తేలతాయి. మన వాతావరణంలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. టెంపరింగ్ అంటే వేడిని ఒక క్రమంలో ఎక్కించి, దించి, మళ్లీ కాస్త ఎక్కించి ఆ ఐదో రకాన్ని మాత్రమే నిలబెట్టడం. డార్క్‌కి 48 వరకు కరిగించి, 27–28కి దించి, 31–32కి ఎక్కించాలి. మిల్క్‌కి 45, 26–27, 29–30.

ముందు గది సంగతి. పదడుగుల గదిలో ఏసీ గంట ముందే వేసి 20–22 డిగ్రీలకి, తేమ 55 శాతం లోపుకి తేవాలి. తేమ కొలిచే చిన్న మీటరు గోడకి తగిలించండి. అది 60 చూపిస్తుంటే ఆ పూట టెంపరింగ్ మానేయండి. ఆ గదిలో గ్యాస్‌స్టవ్ వద్దు, తడిగుడ్డతో తుడవడం వద్దు, నీళ్లగిన్నె మీద గిన్నె పెట్టి కరిగించడం వద్దు. ఆ ఆవిరిలోంచి ఒక చుక్క పడితే కిలో చాక్లెట్ పేడముద్దలా బిగుస్తుంది. మైక్రోవేవ్‌లో ఇరవై సెకన్ల చొప్పున కలుపుతూ కరిగించండి. ఈ పనికి తెల్లవారుజామే మంచిది, ఏసీ మీద భారం తక్కువ, వోల్టేజీ నిలకడగా ఉంటుంది.

రాయి మీద టెంపర్ చేయడానికి ప్రకాశం జిల్లాలో పుట్టినవాళ్ల అదృష్టం చీమకుర్తి. గెలాక్సీ గ్రానైటు కోతలో మిగిలిన 2 అడుగులు, 3 అడుగుల పాలిష్ ముక్క తెచ్చుకుంటే పాలరాయి కొననక్కర్లేదు. పైన మైనం పూత లేకుండా అడిగి తీసుకోండి, ముందురోజు రాత్రే ఏసీ గదిలో పెట్టండి.

రెండు కిలోలు 48కి కరిగించి, మూడింట రెండొంతులు రాయి మీద పోయండి. వెడల్పాటి స్టీలు రేకుతో పలచగా లాగి, మళ్లీ మధ్యకు పోగుచేసి, మళ్లీ లాగండి. మొదట నీళ్లలా జారుతుంది. మూడు నాలుగు నిమిషాలకి అంచులు మసకబారతాయి, రేకు వెనక గీత ఒక క్షణం నిలిచి చెరుగుతుంది. ఇడ్లీపిండంత చిక్కబడి గీత చెరగకుండా నిలిచిందంటే 27–28 దగ్గరకి వచ్చినట్టు. అప్పుడు ఆలస్యం చేయకుండా గిన్నెలోని వేడి చాక్లెట్‌లో కలిపేయండి, మొత్తం 31–32కి వచ్చి కుదురుతుంది. కత్తిమొన ముంచి బల్ల మీద పెట్టండి. ఐదు నిమిషాల్లో మెరుస్తూ గట్టిపడి, వేలు పెడితే అంటకపోతే సరిపోయింది. చారలు వచ్చినా, జిడ్డుగా ఉన్నా మళ్లీ 48 నుంచి మొదలుపెట్టాలి. పని మధ్యలో 34 దాటినా అంతే. రాయి పని చేతికి రానివాళ్లు 48కి కరిగించిన చాక్లెట్‌లో, ఇంతకుముందు బాగా టెంపర్ అయిన చాక్లెట్ ముక్కలు పావువంతు వేసి, 32కి దిగేదాకా కలుపుతూ ఉండవచ్చు.

మౌల్డులు పాలికార్బొనేట్‌వి కొనండి. ప్రతిసారీ సబ్బుతో కడగక్కర్లేదు, పొడి దూదితో రుద్దితే మెరుపు నిలుస్తుంది. పోసి, బల్లకి కొట్టి బుడగలు పోగొట్టి, 10–12 డిగ్రీల ఫ్రిజ్‌లో పావుగంట పెట్టండి. గట్టిపడేటప్పుడు చాక్లెట్ వేడి విడుస్తుంది, ఆ వేడిని లాగేయడానికే ఫ్రిజ్. ఇంటి ఫ్రిజ్ నాలుగు డిగ్రీల మీద ఎక్కువసేపు ఉంచితే బయటికి తీయగానే చెమ్మ పడుతుంది. బాగా టెంపర్ అయినది కాస్త కుంచించుకుని, మౌల్డు బోర్లిస్తే దానంతటదే ఊడుతుంది.

ఊరి రుచి కలపాలనుకుంటే పొదలకూరు నిమ్మకాయ తొక్కని తురిమి, పూర్తిగా ఆరబెట్టి వాడండి. రసం వేయకూడదు. వేటపాలెం జీడిపప్పు వేయించి చల్లార్చి వేసుకోవచ్చు. ఉలవపాడు మామిడితాండ్ర ముక్కల్ని బార్ వెనకవైపు అద్దవచ్చు, కానీ తాండ్రలో చెమ్మ ఉంటుంది కనుక ఆ బార్లు నెలలోపే అమ్ముకోండి.

పొట్లం, బీచి, వేసవి

ఏసీ గదిలోంచి బార్‌ని విప్పి బయటికి తేకూడదు. చల్లటి సోడాసీసా మీద చెమ్మ పట్టినట్టే దాని మీదా పడుతుంది, పైన పంచదార కరిగి ఆరి తెల్లటి గరుకు పొర మిగులుతుంది. గదిలోనే ఫాయిల్ చుట్టి, కాగితం తొడిగి, గట్టి డబ్బాలో మూతపెట్టి, బయటికి తెచ్చాక గంటసేపు మూత తీయకండి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ ముందే తీసుకుని, లేబుల్ మీద ఆ నంబరు, పదార్థాలు, బరువు, బ్యాచి, తేదీలు, ఆకుపచ్చ గుర్తు వేయాలి. మిల్క్ బార్ మీద పాలు ఉన్నాయని విడిగా రాయాలి.

బీచిలో అమ్మేటప్పుడు థర్మకోల్ పెట్టెలో జెల్ ప్యాకులు గుడ్డ చుట్టి అడుగున పెట్టి, పైన అట్ట వేసి బార్లు సర్దండి. ఐసుగడ్డలు వేస్తే కరిగిన నీళ్లు లేబుళ్ల దాకా వస్తాయి. అక్కడికక్కడే తినే 25 గ్రాముల చిన్న బార్లే పెట్టండి, కారులో పెట్టుకెళ్లే పెద్ద బార్లు మైపాడు నుంచి నెల్లూరు చేరేలోపే కరుగుతాయి. రొట్టెల పండగ మొహర్రంతో ముడిపడింది కాబట్టి ఏటా దాదాపు పదకొండు రోజులు ముందే వస్తూ ఉంటుంది. ఈ ఏళ్లలో ఎండలు తగ్గని జూన్, జూలైల్లో వస్తోంది. ఆ జనానికి బార్లు నమ్ముకోవద్దు.

వేసవికి కరగని సరుకు చేయండి. పలుకులు 150 గ్రాములు, వేయించిన నువ్వులు 50, బెల్లం 200. బెల్లం ముదురుపాకం రావాలి: చుక్కని నీళ్లలో వేసి తీసి పళ్లెం మీద కొడితే టంగుమని మోగాలి. దించి పలుకులు, నువ్వులు కలిపి, నెయ్యి రాసిన రాయి మీద పలచగా ఒత్తి వేడి మీదే గీతలు పెట్టి, చల్లారగానే గాలి తగలని డబ్బాలో వేయండి. రోహిణికార్తెలోనూ ఈ చిక్కీ కరగదు, కానీ మూత గంట తెరిచి ఉంటే జిగటవుతుంది.

కరిగి వంకరపోయిన బార్లు, బూడిదచారలు తేలినవి పారేయకండి. ఆ చారలు కోకో బటర్‌వే అయితే వేలితో రుద్దితే కరుగుతాయి, 48కి కరిగించి మళ్లీ టెంపర్ చేస్తే కొత్తబార్ అవుతుంది. రుద్దినా గరుకు పోకపోతే అది చెమ్మ తగిలిన పంచదార. దాన్ని మళ్లీ టెంపర్ గిన్నెలో కలపకుండా తురిమి పెట్టుకుని, 150 మిల్లీలీటర్ల వేడిపాలకి 25 గ్రాముల చొప్పున కలిపి హాట్ చాక్లెట్‌గా షాపులో ఇవ్వండి.